ఎనభై అంగుళాల జీపు మన బాటల మీద ఎందుకు పొడుగైంది?



పత్తి ఏరుడు అయిపోయి, మిర్చి అమ్ముడుపోయి చేతిల నాలుగు పైసలు ఆడినప్పుడు మన దగ్గర ఒక ముచ్చట లేస్తది. "పాత జీపు ఒకటి అగ్గువకు దొరుకుతాంది, కొని వెనకకు కోసి పొడుగు చేయిస్తే ఎట్లుంటది? చెలకకు పోవచ్చు, పది బస్తాలు వేసుకోవచ్చు, ఇంటోళ్లందరం మేడారం పోవచ్చు" అని. కాశిబుగ్గ చౌరస్తాల చాయ్ తాగేటప్పుడు ఈ మాట మీరు కూడా వినే ఉంటరు. ఆలోచన చెడ్డదేం కాదు. కొత్తదీ కాదు. ఎనభై ఏండ్ల నుంచి ప్రపంచమంతా జీపును పొడుగు చేస్తనే ఉన్నది. ఎవరు ఎందుకు చేసినరో, చేస్తే ఏమొచ్చిందో, ఏం పోయిందో తెలుసుకున్నంక మీరు నిర్ణయం తీసుకోండ్రి. పోస్టు జర పెద్దగున్నది, తీరిగ్గ చదవండ్రి.

ముందుగాల వీల్‌బేస్ అంటే ఏందో చెప్పుకుందం. ముందు ఇరుసు నడుమ నుంచి వెనక ఇరుసు నడుమ దాకా ఉన్న దూరమే వీల్‌బేస్. బండి మొత్తం పొడవు వేరే లెక్క. ఎడ్లబండికి, కచ్చురానికి ఇరుసు ఒక్కటే, వాటికి ఈ కొలతతో పని లేదు. బరువు ఇరుసుకు ముందుకు పడిందా వెనకకు పడిందా చూసుకుంటే చాలు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తది, ఎడ్ల మెడకు పట్టు తప్పుతది. ఇది మన తాతలకు చదువు లేకున్నా తెలిసిన విద్యే. ఈ కాడి ముచ్చట గుర్తు పెట్టుకోండ్రి, జీపుకు కూడా ఇదే పనికొస్తది.

ఇగ జీపు పుట్టుక. 1940ల యూరప్‌ల యుద్ధం నడుస్తాంది. అమెరికా సైన్యానికి గుర్రం స్థానంల నడిచే చిన్న బండి కావాలె. పావు టన్ను బరువు మోయాలె, నాలుగు చక్రాలు లాగాలె, ఎత్తు తక్కువ ఉండాలె, మడుగుల ఇరికితే సిపాయిలే లేపి అవతల పెట్టేటంత తేలిక ఉండాలె. మొదట రాసిన లెక్క ప్రకారం బరువు 1300 పౌండ్లు, వీల్‌బేస్ 75 అంగుళాలు. ఆ బరువుల అట్లాంటి బండి ఎవరికీ సాధ్యం కాలేదు. తర్వాత సైన్యమే దిగొచ్చి బరువు పెంచింది, వీల్‌బేస్‌ను 80 అంగుళాలు చేసింది. మొదటి నమూనా బండిని 49 రోజుల్ల ఇయ్యాలన్నరు. బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు గీసిన బొమ్మలతో, 1940 సెప్టెంబరు 23న దాన్ని తెచ్చి అప్పజెప్పింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కు, ఫోర్డ్‌కు పోయినయి. ఆ రెండు కంపెనీలు కలిసి యుద్ధం అయ్యేలోపల ఆరు లక్షలకు పైగా జీపులు చేసినయి. బాంటమ్‌కు చివరికి మిగిలింది జీపు వెనక తగిలించే ట్రాలీలు చేసే పని.

ఇక్కడ గమనించాల్సింది ఒకటున్నది. 80 అంగుళాలు, అంటే రెండు మీటర్ల చిల్లర. ఆ కొలత సిపాయిలను, ఒక తుపాకిని చూసి పెట్టింది. ఇల్లాలు, పిల్లలు, ఎరువు బస్తాలు, గడ్డి మోపు ఆ లెక్కల లేవు. యుద్ధం అయిపోయినంక అదే కొలత రైతు చేతికొచ్చింది. ఆ తర్వాత చరిత్ర అంతా ఆ పొట్టి కొలతతోని జనం పడ్డ పేచీయే.

1945ల విల్లీస్ కంపెనీ సీజే-2ఏ అనే జీపును తీసింది. అమ్మకానికి ముందుగాల పట్టుకున్నది రైతునే. వెనకకు తెరుచుకునే తలుపు పెట్టింది, నాగలి లాగే డ్రాబార్ ఇచ్చింది, ఇంజిను బలంతో రంపాన్నో పంపునో తిప్పే పీటీవో ఇచ్చింది. ట్రాక్టరు, కారు, లారీ మూడూ ఇదే అని ప్రచారం చేసింది. ఇంగ్లండుల మోరిస్ విల్క్స్ అనే రోవర్ కంపెనీ ఇంజినీరుకు వ్యవసాయ భూమి ఉండేది, అక్కడ పాత సైన్యపు జీపు వాడేటోడు. దాన్ని చూసే ల్యాండ్ రోవర్ ఆలోచన పుట్టింది. 1948 ఏప్రిల్‌ల ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనకు వచ్చిన ఆ మొదటి ల్యాండ్ రోవర్ వీల్‌బేస్ కూడా సరిగ్గ 80 అంగుళాలే. అంటే ఇద్దరిదీ ఒకటే తొట్టి.

మరి రైతులు ఏమన్నరు? బండి మంచిగున్నది గని చోటు లేదన్నరు. 1954 మోడల్‌కు ల్యాండ్ రోవర్ 86 అంగుళాలు అయింది, దాని పక్కన 107 అంగుళాల పొడుగు బండి వచ్చింది. 1956ల డీజిల్ ఇంజిను పట్టడానికి రెండింటినీ ఇంకో రెండు అంగుళాలు జరిపి 88, 109 చేసినరు. అమెరికాలో 1955ల సీజే-5 వచ్చింది, 81 అంగుళాలు. వెంటనే దాన్నే 20 అంగుళాలు సాగదీసి సీజే-6 అన్నరు. అంటే తయారు చేసిన కంపెనీలే పదేండ్లలోపు పొట్టి బండి సరిపోదని ఒప్పుకున్నయి.

కంపెనీ కోసం ఆగనోళ్లు కూడా ఉన్నరు. ఫిలిప్పీన్స్‌ల యుద్ధం అయిపోయినంక అమెరికా సైన్యం వదిలిపోయిన జీపులు బోలెడు మిగిలినయి. ఊర్లల్ల బస్సులు లేవు. అక్కడి మెకానిక్‌లు జీపును వెనకకు సాగదీసి, రెండు పక్కల పొడుగు బల్లలు వేసి, పైన రేకు కప్పి జనాన్ని ఎక్కించుకున్నరు. దాని పేరే జీప్నీ. 1953ల లియొనార్డో సరావో అనే మనిషి పెట్టిన షెడ్డు తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్నది. ఒకప్పుడు గుర్రపు బగ్గీ తోలినోడు ఆయన. జీప్నీ అంటే ఇయ్యాల ఆ దేశం గుర్తు. మన దగ్గర జీపులల్ల ఎదురెదురు బల్లల మీద మోకాలికి మోకాలు తగిలించుకుని కూసున్నోళ్లకు ఆ బండిని చూస్తే చుట్టమే అనిపిస్తది.

ఇగ మన దేశానికొస్తం. 1945ల మహీంద్రా అన్నదమ్ములు జగదీశ్‌చంద్ర, కైలాశ్‌చంద్ర, మలిక్ గులాం మొహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మొహమ్మద్ అని కంపెనీ పెట్టినరు. దేశం ముక్కలైనప్పుడు గులాం మొహమ్మద్ పాకిస్తాన్ పోయి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయిండు. 1948ల కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయిల జీపులు బిగించుడు మొదలుపెట్టినరు. తర్వాత మెల్లమెల్లగ ఇక్కడనే తయారు చేసుడు నేర్చుకున్నరు. ఎత్తు బానెట్ ఉన్న సీజే-3బీ జీపు, అదీ 80 అంగుళాలదే, మన దేశంల దశాబ్దాలు నడిచింది.

మన ఊర్లకు జీపు ముందుగాల రైతు బండిగ రాలేదు, సర్కారు బండిగ వచ్చింది. 1952 అక్టోబరు 2న దేశంల సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకులు, బీడీవోలు వచ్చినరు, బీడీవోతోని జీపు వచ్చింది. పెద్దమనుషులను అడుగుండ్రి, ఊరవతల జీపు చప్పుడైతే ఎవరో ఆఫీసరు వస్తున్నడని, లేకుంటే పోలీసులని అర్థం. ముందు సీట్ల ఆఫీసరు, వెనక ఇద్దరు జవాన్లు. అట్లాంటి పనికి 80 అంగుళాలు బొచ్చెడు.

అదే జీపు వేలంల అమ్ముడుపోయి జనం చేతికి వచ్చినప్పుడు కథ మారింది. నిజాం జమానాలనే 1932ల రైల్వే శాఖ కింద 27 బస్సులతోని మన దగ్గర సర్కారు బస్సు మొదలైంది. కానీ బస్సుకు రోడ్డు కావాలె. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దిక్కు, వాగులు ఒర్రెలు దాటి పోయే గూడేలకు బస్సు ఏడ పోతది? ఆ ఖాళీల జీపు దూరింది. ఒక్క మన జిల్లా అనే కాదు. విశాఖ మన్యంల సంతలకు జనాన్ని తీసుకపోయేది జీపే. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి పోయే రాళ్ల బాటల ఇప్పటికీ జీపులే నడుస్తున్నయి.

అప్పుడు పొట్టి జీపుల జనం ఎక్కుడు మొదలైంది. లోపట నిండినంక వెనక తలుపు మీద, బంపరు మీద నిలబడ్డరు. ఇప్పుడు కచ్చురం కాడి ముచ్చట గుర్తు చేసుకోండ్రి. ఒక లెక్క చెప్త. వీల్‌బేస్ 2 మీటర్లు అనుకో. వెనక ఇరుసుకు 90 సెంటీమీటర్లు వెనక్కు ఆరుగురు నిలబడ్డరు, మనిషికి 60 కిలోలు, మొత్తం 360 కిలోలు. ముందు చక్రాల మీద నుంచి ఎంత బరువు లేస్తది? 360ని 0.9తో గుణించి 2తో భాగిస్తే 162 కిలోలు. స్టీరింగు తిప్పేది ముందు చక్రాలే, వాటి పట్టు అంత తగ్గుతది. గడ్డ ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుతది. స్టీరింగు తేలికైంది అని డ్రైవరు సంబురపడితే అది సంబురం కాదు, బండి చేయి జారుతాందన్నట్టు.

అదే వెనక ఇరుసును 60 సెంటీమీటర్లు వెనక్కు జరిపినం అనుకో. వీల్‌బేస్ 2.6 మీటర్లు అయితది, మనుషులు నిలబడ్డ చోటు ఇరుసుకు 30 సెంటీమీటర్లే వెనక పడతది. 360ని 0.3తో గుణించి 2.6తో భాగిస్తే సుమారు 42 కిలోలు. 162 ఏడ, 42 ఏడ! జీపును పొడుగు చేసుడు వెనక ఉన్న అసలు న్యాయం ఇదే. చోటు పెరుగుడు ఒక్కటే కాదు, బరువు రెండు ఇరుసుల నడుమకు వస్తది.

కంపెనీ కూడా అదే బాట పట్టింది. 1980లల్ల ఎంఎం 540 వచ్చింది, వీల్‌బేస్ 91 అంగుళాలు. ఆ తర్వాత ఇంకా పొడుగున్న కమాండర్ వచ్చింది. వెనక ఎదురెదురు బల్లలు, పైన గుడ్డ టాపు, డీజిల్ ఇంజిను. సవారీ జీపు అంటే కమాండరే అన్నట్టు అయింది. 2000ల వచ్చిన బొలెరో వీల్‌బేస్ 2680 మిల్లీమీటర్లు, అంటే 105 అంగుళాలకు పైనే. మారుతి జిప్సీ ముచ్చట ఇంకా తమాషా. జపాన్‌ల సుజుకి పొట్టి బండి వీల్‌బేస్ 2030 మిల్లీమీటర్లు. 1985ల మన దేశానికి జిప్సీ అని తెచ్చింది పొట్టిది కాదు, 2375 మిల్లీమీటర్ల పొడుగుది.

మరి పొడుగు చేస్తే అంతా లాభమేనా? కాదు. ఇక్కడనే మనోళ్లు దెబ్బ తింటరు.

మొదటిది, కడుపు తగులుడు. చెలక ఒడ్డు దాటేటప్పుడు ముందు చక్రాలు అవతల దిగినయి, వెనకవి ఇవతలనే ఉన్నయి. నడుమ ఒడ్డు బండి కడుపును పట్టుకుంటది. నేల నుంచి కడుపు ఎత్తు 20 సెంటీమీటర్లు, వీల్‌బేస్ 2 మీటర్లు ఉంటే దాటగలిగే కోణం దాదాపు 22 డిగ్రీలు. వీల్‌బేస్ 2.6 చేసి ఎత్తు అట్లనే ఉంచితే 17 డిగ్రీల చిల్లరకు పడిపోతది. పాత కోణం మళ్ల రావాలంటే కడుపు ఎత్తు 26 సెంటీమీటర్లు కావాలె. అంటే పొడుగు ఎంత వంతు పెంచితే ఎత్తు కూడా అంత వంతు పెంచాలె. ఇది కంపెనీ బండ్లల్ల కూడా కనబడుతది. మూడు తలుపుల జిమ్నీ వీల్‌బేస్ 2250, ఆ కోణం 28 డిగ్రీలు. 2023ల మన దేశంల వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ 2590, కోణం 24 డిగ్రీలు. నేల ఎత్తు రెండింటికీ 210 మిల్లీమీటర్లే.

రెండోది, తిరుగుడు. అదే జిమ్నీ పొట్టిది 4.9 మీటర్ల వ్యాసార్ధంల తిరిగితే పొడుగుది 5.7 మీటర్లు అడుగుతది. అడవి బాటల చెట్ల నడుమ, చెలక మూలల ఈ తేడా బాగ తెలుస్తది. ఒక్క మలుపుల తిరిగే చోట ముందుకు వెనకకు రెండు సార్లు ఆడాలె.

లాభం దిక్కు కూడా చూడుండ్రి. గడ్డ ఎక్కేటప్పుడు పొడుగు బండి నిలకడగ ఎక్కుతది. 1200 కిలోల బండి, బరువు కేంద్రం 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది, 30 డిగ్రీల గడ్డ. ముందు నుంచి వెనకకు జారే బరువు 2 మీటర్ల వీల్‌బేస్‌కు 195 కిలోలు, 2.6కు 150 కిలోలు. గుంతలల్ల పొట్టి బండి గుర్రం లెక్క ఎగురుతది, పొడుగుది ఉయ్యాల లెక్క ఊగుతది. గర్భిణిని దవాఖానకు తీసుకపోయేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. కానీ పక్కకు ఒరిగితే మాత్రం పొడుగు కాపాడదు. అది వెడల్పు, ఎత్తుల లెక్క. ఒడ్డు మీద ఒక పక్క చక్రం ఎక్కితే పొట్టిదైనా పొడుగుదైనా బోల్తాకు ఒకటే భయం.

ఇగ షెడ్డుల కోసి అతికే పని. ఇది జీపులకే కాదు, లారీలకు కూడా చేస్తరు. హర్యానా సిర్సా జిల్లా మండీ డబ్వాలిల పాత జీపులను కొత్తగ కట్టుడు ఒక పెద్ద దందా. అక్కడైనా ఇక్కడైనా పని సూత్రం ఒకటే. ఛాసిస్ పట్టీని నిలువుగ ఒకే గీత మీద కోసి, నడుమ ముక్క పెట్టి వెల్డింగ్ కొడితే అది జోడింపు కాదు, విరగడానికి గుర్తు పెట్టినట్టే. ఏటవాలుగ కోయాలె, లోపట నుంచి పట్టీ వేసి జోడుకు రెండు దిక్కుల చాలా దూరం పోనియ్యాలె. పాత ఇనుము మందం ఎంతో కొత్త ముక్క మందం అంతకు తగ్గొద్దు. తుప్పు పట్టిన ఛాసిస్‌కు వెల్డింగ్ నిలబడదు.

ఇంకొకటి. ఇంతకుముందు బరువు వెనక వేలాడేది, ఇప్పుడు నడుమకు వచ్చింది. ఛాసిస్ ఎక్కువగ వంగేది ఇరుసుల నడుమనే. మీరు అతికింది కూడా ఆడనే. బరువు మంచి చోటుకు తెచ్చినం అనుకుంటం, కానీ ఆ బరువును సగం మోసేది మీ వెల్డర్ చేయి. ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఛాసిస్‌తో అయిపోదు. వెనకకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు పొడుగు చేయాలె. పొడుగు షాఫ్టు వేగంల వణుకుతది, అందుకే బ్యాలెన్స్ చేయించాలె, మరీ పొడుగైతే రెండు ముక్కలు చేసి నడుమ బేరింగ్ పెట్టాలె. బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేక్ తీగ, డీజిల్ పైపు, వైర్లు అన్నీ మళ్ల వేయాలె. బ్రేకు పైపును నడుమ కోసి అతుకు పెట్టుడు కాదు, పూర్తి కొత్త పైపు వేయాలె. వెనక కమాన్లకు కొత్త బరువుకు తగిన పట్టీలు కావాలె. ఇన్ని లెక్కేసినంక అగ్గువకు వచ్చిన జీపు అగ్గువ ఉంటదా అని మీరే చెప్పుండ్రి.

చట్టం ముచ్చట చెప్పకుంటే పోస్టు సగమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు, ఆర్‌సీల ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. వీల్‌బేస్ అంటే బండి మూల కొలత. దాన్ని షెడ్డుల మార్చి ఊరి బాటల, రోడ్డు మీద తిప్పితే పట్టుబడుడు ఒక బాధ, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ అడ్డం తిరుగుడు అంతకన్నా పెద్ద బాధ. పోయిన మనిషి రాడు, వచ్చే పైసలు కూడా రావు. ఎనకటి రోజుల్ల నడిచింది గదా అంటే, అప్పుడు వేరే దిక్కు లేక నడిచింది.

ఇయ్యాల దిక్కు ఉన్నది. అదే మహీంద్రా 2010ల తీసిన థార్ వీల్‌బేస్ 2430 మిల్లీమీటర్లు, 2020ల 2450. 2024 ఆగస్టు 15న థార్ రాక్స్ వచ్చింది, 2850 మిల్లీమీటర్లు, అంటే 112 అంగుళాలు. 80 అంగుళాల కాడ మొదలైన జీపు ఎనభై నాలుగేండ్లకు 32 అంగుళాలు పెరిగింది. కొత్తది కొనే స్తోమత మనకు లేకపోవచ్చు. కానీ కంపెనీయే పొడుగు చేసి అమ్మిన పాత బండ్లు, కమాండర్, బొలెరో లాంటివి, ఇంకా దొరుకుతనే ఉన్నయి. వాటి ఛాసిస్ పుట్టుకతోనే పొడుగు, నడుమ అతుకు లేదు, ఆర్‌సీల కొలత అదే. బస్తాలే మోయాలంటే ట్రాక్టరు ట్రాలీ ఉండనే ఉన్నది. బాంటమ్ కంపెనీ యుద్ధంలనే కనిపెట్టింది గదా, పొట్టి జీపుకు బరువు ఎక్కువైతే జీపును కోయాల్సిన పని లేదు, వెనక ఇంకో ఇరుసు తగిలిస్తే చాలని.

కొనేటప్పుడు మాత్రం ఒక పని చేయుండ్రి. పాత పొడుగు జీపు ఏదైనా చూపెడితే పైన రంగు చూడొద్దు, బండి కిందికి దూరుండ్రి. ముందు సీటు వెనక ఛాసిస్ పట్టీ మీద చేయి పెట్టి రుద్దుండ్రి. ఆడ గడ్డ లెక్క వెల్డింగ్ తగిలినా, మందంగ కొత్త నలుపు రంగు కొట్టి ఉన్నా, టేపు తీసి రెండు ఇరుసుల నడుమ దూరం కొలవండ్రి. ఆర్‌సీల రాసిన వీల్‌బేస్‌తోని సరిపోకుంటే బయానా ఇయ్యకుండ వాపస్ రండ్రి. టేపు ఇరవై రూపాయలు ఎక్కువైనా మంచిదే కొనుక్కోండ్రి, దాని మీద ఇంటోళ్లందరి పానం ఆధారపడి ఉన్నది.